లాంగ్‌టర్మ్‌కి వెళ్తున్నారా? ఏ పరీక్షకి ఎన్ని ఛాన్సులో ముందే చూసుకోండి

హైదరాబాద్: ఇంటర్ రిజల్ట్స్, ర్యాంకులు వచ్చాయంటే గుడిమల్కాపూర్, మెహిదీపట్నం వైపు చాలా ఇళ్లలో ఒకటే చర్చ. వచ్చిన సీట్లో చేరిపోవాలా, ఏడాది ఆగి మళ్లీ రాయాలా? ఆగే ముందు ఈ రూల్స్ తెలుసుకోండి.

జేఈఈ అడ్వాన్స్‌డ్: వరుసగా రెండేళ్లలో రెండు ఛాన్సులే. ఇంటర్ సెకండియర్ పరీక్షలు మొదటిసారి రాసిన సంవత్సరం నుంచే లెక్క. బెటర్‌మెంట్ రాసినా లెక్క మారదు. 2024 నవంబర్ 5న మూడు ఛాన్సులని ప్రకటించి, 18న మళ్లీ రెండుకే తగ్గించారు. ఆ మధ్యలో కాలేజీ మానేసినవాళ్లకి 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఊరటనిచ్చింది.

ఇక్కడ జాగ్రత్త: కౌన్సెలింగ్‌లో ఐఐటీ సీటు వచ్చి ఆన్‌లైన్ రిపోర్టింగ్ చేశాక, చివరి రౌండ్‌లోపు విత్‌డ్రా చేసుకోకపోతే మళ్లీ అడ్వాన్స్‌డ్ రాయలేరు. ఎన్ఐటీలో చేరినవాళ్లకి ఈ అడ్డు లేదు.

జేఈఈ మెయిన్: వరుసగా మూడేళ్లు, ఏడాదికి రెండు సెషన్లు.

నీట్: ఎన్నిసార్లైనా రాయొచ్చు. గరిష్ఠ వయోపరిమితిని 2022లో ఎత్తేశారు.

తెలంగాణ ఎప్‌సెట్: 2023 నుంచి ఇంటర్ వెయిటేజీ లేదు. ర్యాంకు పూర్తిగా ఎంట్రన్స్ మార్కులతోనే. అంటే ఇంటర్‌లో మార్కులు తగ్గినవాళ్లకీ రెండో ప్రయత్నంలో దారి ఉంది.

అయితే ఎన్ఐటీ, ఐఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకు 65) లేదా బోర్డు టాప్ 20 పర్సంటైల్ తప్పనిసరి.

కాలేజీలో చేరి మానేస్తుంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు, టీసీ ఎప్పుడిస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి. రూల్స్ ఏటా మారొచ్చు, ఆ ఏడాది ఇన్ఫర్మేషన్ బులెటిన్ చూశాకే నిర్ణయం తీసుకోండి.