గెలుపు లెక్కలోకి రాని మనసు

సాహిత్య చరిత్రల్లో మాయమైన స్త్రీల పేర్లు వెతకడం మనకు అలవాటే. ఈ మధ్య అదే అలవాటుతో క్రీడా మనస్తత్వశాస్త్ర చరిత్ర తిరగేశాను. అక్కడా ఒక 'పితామహుడు' ఉన్నాడు. 1925లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రీడాకారుల కోసం ప్రయోగశాల మొదలుపెట్టిన కోల్‌మన్ గ్రిఫిత్. డొరొతీ యేట్స్ పేరు మాత్రం ఆ వరసలో చాలాకాలం కనిపించలేదు. కాలిఫోర్నియాలోని శాన్ హోసే కళాశాలలో బాక్సర్లకు, పోటీకి ముందు ఒళ్లూ మనసూ సడలించుకోవడం నేర్పి, ఆ పద్ధతి గురించి 1943లో వ్యాసం ప్రచురించిన స్త్రీ ఆమె.

ఒక పేరు చేరిస్తే చరిత్ర సరిపోతుందా? ఆ శాస్త్రం ఎంతోకాలం ప్రధానంగా వేసుకున్న ప్రశ్నే వేరు: ఈ మనసుతో గెలుపు ఎలా సాధించాలి? ఆ మనసు ఏం మోస్తోందని అడగడం చాలా ఆలస్యంగా మొదలైంది.

మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరినే తీసుకోండి. 1994, 1995లలో ప్రపంచ ఛాంపియన్. అయినా 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు ముందు ఆమె ఒంటి మీద, ఫామ్ మీద ఎన్నో విమర్శలు. సెప్టెంబర్ 19న మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆ 240 కిలోలు అందరికీ గుర్తే. వాటితోపాటు ఆమె మోసిన మాటల బరువును ఎవరు తూచారు?

ఆ బరువు ఇక మోయనని ప్రపంచం ముందే చెప్పింది అమెరికన్ జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్. 2021 జూలై 27న టోక్యోలో జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది. గాలిలో తిరుగుతుండగా నేల ఎటుందో తెలియని స్థితి అది. ఆ స్థితిలో దూకితే ప్రాణానికే ముప్పు. అయినా పిరికిదన్నారు, జట్టును నట్టేట ముంచిందన్నారు. జట్టు వైద్యుడి లైంగిక హింసకు గురైన వందలాది మందిలో తానూ ఉన్నానని ఆమె 2018లోనే చెప్పింది. నిందించినవాళ్లకు ఆ గాయం గుర్తు రాలేదు. రావలసిన స్వర్ణం మాత్రం గుర్తుంది.

2024 పారిస్‌లో ఆమె మూడు స్వర్ణాలు గెలిచింది. 'చూశారా, ఆగడం మంచిదే అయింది' అని మనమూ సంబరపడ్డాం. ఒకవేళ గెలవకపోయి ఉంటే? అప్పుడా నిర్ణయం తప్పయ్యేదా? 'ఇవాళ నా వల్ల కాదు' అన్నందుకు ఇంట్లో, ఉద్యోగంలో సంజాయిషీలు ఇచ్చుకున్న మనకు ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు.