రెండో తాళంచెవి

బ్యాంకు లాకరు తెరవాలంటే నా తాళంచెవి ఒక్కటే చాలదు, బ్యాంకువారిదీ తిరగాలి. ఏమిటీ చాదస్తం అని విసుక్కునేదాన్ని.

అమెరికాలో, ఎం.ఐ.టి.లో 1961లో మొదలైన ఉమ్మడి కంప్యూటరుకు కార్బటో బృందం పాస్‌వర్డ్‌లు పెట్టింది. మరుసటి ఏడే అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తన వంతు సమయం చాలక, అందరి పాస్‌వర్డ్‌లూ అచ్చు తీయించుకున్నాడు!

అరవై ఏళ్ళయినా బుద్ధి రాలేదు. 2021 ఏప్రిల్‌లో అక్కడి కలోనియల్ పైప్‌లైన్ కంపెనీలోకి దొంగలు దూరింది, వాడకంలో లేని ఒక ఖాతా పాస్‌వర్డ్‌తోనే. రెండో తాళం లేదు. పైప్‌లైను ఆపేయవలసి వచ్చింది. దొంగలకు సుమారు 44 లక్షల డాలర్లు ముట్టజెప్పారు.

మాట ఎవరి చెవినైనా పడుతుంది. అందుకే మావారి కొట్టు లెక్కల ఖాతాకు, ఫోనులో 30 సెకన్లకోసారి మారే అంకె కూడా పెట్టించాను. ఇప్పుడు విసుక్కోవడం ఆయన వంతు!