ముడుమాల్ రాతిమీది చుక్కలు

కృష్ణ ఒడ్డున, ఒకప్పటి మహబూబ్‌నగర్, ఇప్పటి నారాయణపేట జిల్లాలోని ముడుమాల్‌లో 12 నుంచి 14 అడుగుల ఎత్తున సుమారు 80 రాళ్లు నిలబడి ఉన్నాయి. ఊరివాళ్లు నిలువురాళ్లంటారు. ఇవి పెద్దరాళ్ల కాలం (మెగాలిథిక్ యుగం) నాటివి. ఆ కాలం అనగానే మనకు సమాధులే గుర్తొస్తాయి. ఇక్కడ రాళ్లు నిలబెట్టినవాళ్లు ఆకాశాన్నీ లెక్కగా చూశారన్నది నా వాదన. ఆధారం అక్కడే ఒక రాయి. దానిమీద చిన్న గిన్నెల్లా తొలిచిన గుంటలున్నాయి. కొన్నిటిని చూపుతో కలిపితే నాలుగు మూలలు, వాటి వెనక వంగిన తోక: సప్తర్షి మండలం.

గుంటలెన్నో ఉన్నచోట ఏ ఆకారమైనా దొరుకుతుందని అనొచ్చు. న్యాయమైన అనుమానమే, ఆ రాయి ఒక్కటే ఉంటే నేనూ నమ్మను. కానీ కొన్ని రాతి వరుసలు సూర్యుడి ఉత్తర, దక్షిణ అయనాల హద్దుల దిక్కుకు సరిపోతున్నాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.పి. రావు పరిశోధన చూపింది. గుంటలూ వరుసలూ వేర్వేరు సాక్ష్యాలు. రెండూ పైకే చూపిస్తున్నాయి. వానలెప్పుడో తెలియాల్సిన మెట్టనేలలో సూర్యుణ్ని గమనించడం బతుకుతెరువే కదా. ఆ రాళ్లకు గౌరవం ఇప్పటికీ తగ్గలేదు: ఒక నిలువురాయిని ఊరు నేటికీ ఎల్లమ్మగా కొలుస్తోంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో ఈ చోటు చేరింది.