అనంతపుర మండలమున సహకార శాసనములు

ఏఁటికి ఇంచుమించుగా 22 అంగుళముల వానతో నెట్టుకొనివచ్చు అనంతపురపు మెట్టసీమలో ఋణము పంటకంటె ముందే పుట్టును. అప్పిచ్చువాఁడును పంట కొనువాఁడును ఒక్క సాహుకారే యగుచోట వేరుసెనగ కళ్లములోనే చేతులు మాఱును. ఈ కట్టు విప్పుటకై పుట్టినవే సహకార శాసనములు. వానివలన సంఘసభ్యున కెంత స్వాతంత్ర్య మబ్బినదో విచార్యము.

సర్ ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో మదరాసు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలు ఈ చరిత్రకు నాంది. 1904 నాఁటి శాసనము ఋణసంఘములనే యంగీకరించెను. 1912 శాసనము ఉత్పత్తి, విక్రయ సంఘములకును త్రోవ చూపెను. మదరాసు శాసనము 1932లోను, ఆంధ్రప్రదేశ శాసనము 1964లోను వెలసెను. కూలివాఁడే యజమాని యగు సంఘమునకుఁ బ్రత్యేక శాసన మెన్నఁడును లేదు. చేనేతవారును, కూలిగుత్తవారును ఈ సామాన్యశాసనముల నీడనే నిలిచిరి.

1964 శాసనముచేఁ బ్రభుత్వము సంఘమున వాటాధనము పెట్టవచ్చును. పాలకవర్గమును తొలఁగించి యధికారిని నియమింపవచ్చును. స్వతంత్రుఁడే కర్త యని పాణిని నిర్ణయము. ఇచ్చట సభ్యుఁడు కర్తగా వ్రాయఁబడియు, రిజిస్ట్రారు ప్రేరణమునఁ బనిచేయు ప్రయోజ్యకర్త యయ్యెను. అమరకోశమున సహకారమనఁగా మిక్కిలి తావిగల మామిడి. ఈ తోటలోఁ గాపు కావలివాని వశమైనది.

చౌదరి బ్రహ్మప్రకాశ్ అధ్యక్షతనుండిన సమితి 1991లో నొక మాదిరి శాసనమును ప్రతిపాదించెను. దానిని బట్టియు, హైదరాబాదు నందలి సహవికాస సంస్థవారి చిరప్రయత్నముచేతను, ఇతర రాష్ట్రములకంటె ముందుగా ఆంధ్రప్రదేశమున 1995లో పరస్పర సహాయక సహకార సంఘముల శాసనము పుట్టెను. దీనిక్రింద ప్రభుత్వమునకు వాటా లేదు. నిబంధనలు సభ్యులవే, ఎన్నికలు సభ్యులవే, నష్టమును సభ్యులదే. టింబక్టు కలెక్టివ్ ప్రోత్సాహమునఁ జెన్నేకొత్తపల్లి ప్రాంతమున వెలసిన ధరణి సంఘము ఈ శాసనము క్రిందిదే. సభ్యులు పండించిన చిఱుధాన్యములను, వేరుసెనగను సంఘమే కొని, శుద్ధిచేసి విక్రయించును. (ఆ సీమ 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది.)

ఇచ్చిన స్వాతంత్ర్యమును మరలఁ గొనుటకును యత్నము జరిగెను. 1995 శాసనమును జేరిన పాడిసంఘములను 2006లో మఱియొక శాసనముచే 1964 శాసనమునకు మరలింపఁ బూనిరి. హైకోర్టు 2007లో దానిని కొట్టివేసెను. 2011 సెప్టెంబరు 2వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పునే స్థిరపఱిచెను. సభ్యుల సమ్మతి లేక సంఘస్వరూపమును మార్చుట సంఘముగాఁ గూడు స్వేచ్ఛకు భంగమని సిద్ధాంతము. సహకార సంఘములను స్థాపించుకొనుట ప్రాథమికస్వత్వమని 97వ రాజ్యాంగసవరణము 2012 నుండి చెప్పుచున్నది. అందలి సంఘపరిపాలనాధ్యాయము మాత్రము, సగము రాష్ట్రముల ఆమోదము లేనందున, రాష్ట్రసంఘములకు వర్తింపదని 2021 జులై 20వ తేదీన సుప్రీంకోర్టు తీర్చెను. ఆ స్వత్వము చెక్కుచెదరలేదు.