గోడ మీదికి ఎక్కిన మన ఆడవారు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా రాయమని సంఘ మిత్రులు కోరారు. గుళ్ల గురించి, గడీల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను స్త్రీల చిత్తరువుల గురించి నాలుగు మాటలు చెబుతాను.

నా చిన్నతనాన మా ఎల్లంతకుంటలో గోడల మీద పటాలుగా కనిపించిన స్త్రీలు లక్ష్మీదేవి, సరస్వతీదేవి మాత్రమే. ఆ రూపాలకు చాలావరకు మూలం రాజా రవివర్మ (1848-1906). అవిసె నూనెలో నూరిన రంగులు తొందరగా ఆరవు. అందుచేత ఒక రంగును మరొక రంగులోకి మెల్లగా కలిపి ఒంటి నునుపు, పట్టుచీర మెరుపు చూపవచ్చు. ఈ పద్ధతిలో నాయరు స్త్రీ బొమ్మ వేసి ఆయన 1873లో వియన్నా ప్రదర్శనలో బహుమతి పొందారు. 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టాక ఆయన బొమ్మలు సామాన్యుల ఇళ్లకూ చేరాయి.

అయితే ఆ బొమ్మల్లో ఎక్కువమంది దేవతలు, రాణులు, పెద్దింటి ఇల్లాండ్రు. సామాన్య స్త్రీలను తైలవర్ణాల్లో నిలిపినవారిలో అమృతా షేర్‌గిల్ ముఖ్యురాలు. ఆమె వేసిన ముగ్గురు అమ్మాయిల చిత్రం 1935 నాటిది.

మన తెలంగాణ పల్లె స్త్రీని దేశమంతటికీ చూపిన చిత్రకారుడు మనకు పొరుగువారే. తోట వైకుంఠం 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా, వేములవాడ ప్రాంతపు బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద శిక్షణ పొందారు. ఊరికి వచ్చిన నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవారి రంగులు, కన్నతల్లి రూపం తన మనసులో నిలిచిపోయాయని ఆయనే చెప్పారు. ఆయన బొగ్గుతోనూ, నీటిరంగులతోనూ, తరువాత తొందరగా ఆరే ఆక్రిలిక్ రంగులతోనూ వేశారు. రవివర్మ వెలుగునీడలు అక్కడ కనిపించవు. నల్లని మేను, నిండైన ముఖం, నొసట పెద్ద బొట్టు, ఎర్రని, పసుపుపచ్చని చీరలు కనిపిస్తాయి. ‘దాసి’ (1988) చిత్రానికి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం కూడా అందుకున్నారు.

ఇది కళాకారుల గొడవ, మనకెందుకు అనుకోకండి. నల్లగా ఉన్నామని ఫొటోకు నిలబడడానికి సిగ్గుపడిన తల్లులు మనకు తెలుసు. నాట్లు వేస్తూ, చాట ముందు కూర్చుని బీడీలు చుడుతూ, మగ్గానికి కండెలు చుడుతూ వారి బతుకు గడిచింది. మనలో చాలామంది ఇళ్లలో ఇల్లాలి ముఖం మిగిలింది పెన్షను కాగితాలకు అతికించిన జంట ఫొటోలోనే. మా అమ్మకు అదీ లేదు. ఆమె ముక్కుపుల్ల ఏ పక్కన ఉండేదో మనుమలకు నేను నోటితో చెప్పవలసిందే. నా తరువాత చెప్పేవారుండరు.

కనుక మిత్రులకు ఒక మనవి. మీ మనుమలు, మనుమరాండ్రలో బొమ్మలు వేసేవారుంటే వారి ముందు మీ ఇల్లాలిని ఒక గంట కూర్చోబెట్టండి. పట్టుచీర అక్కరలేదు, రోజూ కట్టే చీర చాలు. బొమ్మ వెనుక పేరు, ఊరు, సంవత్సరం రాయించండి. లక్ష్మీదేవి పటం పక్కన ఆమెకూ చోటు ఉంటుంది.