మొదటి ఆట నుండి సర్వరు దాకా: తెలుగునాట వీడియోగేమ్ ఆటగాడి ఫిర్యాదు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: వీడియోగేమ్ ఆడేవారు తరచుగా చేసే ఫిర్యాదులు మూడు. ఆట పూర్తిగా తయారు కాకుండానే విడుదలైందనేది మొదటిది. ఆటలో దోషాలున్నాయనేది రెండవది. ఆన్‌లైన్‌లో న్యాయంగా ఆడే వీలు లేదనేది మూడవది. ఈ మూడింటి మూలం ఒక్కటేనని, అది ఆట ఎవరి అధీనంలో ఉన్నదనే ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. క్యాసెట్టు కాలం నుండి పబ్‌జీ నిషేధం, ఆ తర్వాతి పరిణామాల వరకు తెలుగు ఆటగాడి అనుభవాన్ని, అతని భాషను ఇందుకు ఆధారాలుగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: ఆట, జూదం, తొండి, బగ్, పింగ్, విడుదల, పబ్‌జీ, బీజీఎంఐ.

1. ఉపోద్ఘాతం

రాయలసీమ దేవాలయ మండపాల నేలబండల మీద, ఊరి రచ్చబండల మీద పులిమేక గీతలు కనిపించడం కొత్త విషయం కాదు. 3 పులులు, 15 మేకలు, 23 స్థానాలు ఉన్న ఆ పటానికి విడుదల తేదీ లేదు, తయారీదారు పేరూ లేదు. నియమం దగ్గర తగవు వస్తే పక్కన కూర్చున్న పెద్దమనిషి తీరుస్తాడు. ఒక ఊరి నియమం పక్క ఊరిలో చెల్లకపోవచ్చు, అయినా ఏ ఊరి ఆట ఆ ఊరిదే. బండ మీద గీత అరిగిపోతే బొగ్గుతోనో సుద్దతోనో మళ్ళీ గీసుకుంటారు.

కడప జిల్లా రాజుపాలెం మండలం ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల నడుమ కుందూనదిని ఆనుకొని ఉంది. అటువంటి మండలంలోని యువకుడు నేడు చేతిలోని ఫోనులో ఆడే ఆటకు పటం అతని దగ్గర ఉండదు. అది ఎక్కడో ఉన్న సర్వరులో ఉంటుంది. గీత చెరిగితే గీసుకునే అధికారం అతనికి లేదు, ఫిర్యాదు చేసే అవకాశం మాత్రమే ఉంది. పత్రికల చరిత్రకు పాఠకుల లేఖలు ఎలా ఆధారాలవుతాయో, వీడియోగేమ్ చరిత్రకు ఈ ఫిర్యాదులు అలా ఆధారాలు కాగలవు. వాటిని పిల్లల గోలగా తీసివేయడం వలన తెలుగు సమాజపు ఇటీవలి చరిత్రలో ఒక భాగం నమోదు కాకుండా పోతున్నది.

2. ఆట, జూదం, గేమ్: పదాల చిక్కు

తెలుగులో 'ఆట' విస్తృతార్థం గల పదం. పిల్లల ఆటా, నాట్యమూ ఆటే. సినిమా ప్రదర్శన కూడా 'మొదటి ఆట', 'రెండో ఆట'గానే వ్యవహారంలో ఉంది. 'జూదం' సంస్కృత 'ద్యూత' శబ్దభవం. పందెంతో నిమిత్తం లేని పులిమేకకు 'పులిజూదం' అని మరో పేరు ఉండటాన్ని బట్టి, ఒకప్పుడు ఈ రెండు పదాల మధ్య గోడ నేటంత గట్టిగా లేదని ఊహించవచ్చు.

గోడ కట్టినది చట్టం. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టంలో 'గేమింగ్' అంటే జూదమే. అంతకు ముందే, సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై నడిచిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా గుర్తించింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, కె. సత్యనారాయణ మధ్య 1967లో వెలువడిన ఆ తీర్పు దేశమంతటా నేటికీ ప్రస్తావనకు వస్తూనే ఉంది. నైపుణ్యమా, అదృష్టమా అనే చర్చకు మన దేశంలో ఒక పేకాట క్లబ్బు కేసు ప్రధాన ఆధారం కావడం, ఆ క్లబ్బు తెలుగు నేల మీదిదే కావడం గమనించదగిన విశేషం. ఆ తరువాత తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలను సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై నిషేధం తెచ్చాయి.

చిక్కు ఇక్కడే మొదలైంది. కేంద్రప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించినది 2020 సెప్టెంబరు 2న. ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ల నిషేధానికి ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆమోదం తెలిపినది ఆ మరునాడు, సెప్టెంబరు 3న. మొదటిదానికి దేశభద్రత, సమాచార గోప్యత కారణాలు. రెండవదానికి కుటుంబాల ఆర్థిక పతనం కారణం. ఒక దానిలో పందెమే లేదు, రెండవది కేవలం పందెం. అయినా జనవ్యవహారంలో రెండూ 'ఆన్‌లైన్ గేమ్‌ల నిషేధం' అనే ఒకే మాట కిందకు చేరాయి. తుపాకి ఆట ఆడే కుర్రవాడిని జూదరిగా చూసే దృష్టికి ఈ పదసామ్యం కొంత కారణమని చెప్పవచ్చు. డబ్బు ఆటలనూ ఈ-స్పోర్ట్స్‌నూ సాంఘిక ఆటలనూ చట్టపరంగా వేరుచేసి నిర్వచించిన కేంద్ర చట్టం 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. పదాలు విడివడటానికి అంత కాలం పట్టింది.

3. క్యాసెట్టు, కేఫు

1990ల తెలుగు పట్టణాలలో వీడియోగేమ్ అంటే టీవీకి తగిలించే పెట్టె, అందులో గుచ్చే క్యాసెట్టు. 1983లో జపానులో వచ్చిన ఫామికామ్ యంత్రానికి నకళ్ళే వాటిలో అధికం. క్యాసెట్టు మీద వేల ఆటలున్నట్లు అచ్చువేసి ఉండేది, తీరా చూస్తే కొన్ని ఆటలే పేర్లు మార్చుకొని మళ్ళీ మళ్ళీ వచ్చేవి. మోసమని అందరికీ తెలుసు, అయినా ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఎవరికి చేయాలి? కొన్న అంగడివానికి తయారీదారెవరో తెలియదు. ఆట ఆగిపోతే క్యాసెట్టు తీసి, నోటితో గాలి ఊది, మళ్ళీ గుచ్చడమే నాటి మరమ్మతు. లోపాలున్నా ఆ క్యాసెట్టు ఇంటివారిది. ఎరువిచ్చినా, మార్చుకున్నా, పెట్టెలో దాచినా అడిగేవారు లేరు.

2000ల నాటి ఇంటర్నెట్ కేఫులలో పరిస్థితి కొంత మారింది. కౌంటర్ స్ట్రైక్, ఐజీఐ, వైస్ సిటీ ఆటలు కేఫు యజమాని కంప్యూటరులో ఉండేవి. ఆటగాడు గంటకింత అని బాడుగ చెల్లించేవాడు. ప్రత్యర్థి పక్క కుర్చీలోనే ఉండేవాడు కనుక కోపమైనా మెచ్చుకోలైనా ముఖాముఖిగానే సాగేది. యజమానే న్యాయనిర్ణేత.

4. విడుదల

తెలుగువారికి విడుదల అనుభవం సినిమా నుండి వచ్చినది. మొదటి ఆట చూడాలనే తపన, చూసి వచ్చి తీర్పు చెప్పే హక్కు, ఆ తీర్పు సాయంత్రానికల్లా ఊరంతా పాకే వేగం - వీటన్నిటికీ అలవాటుపడిన సమాజం ఇది. గేమ్ విడుదలను కూడా తెలుగు ఆటగాడు ఇదే కొలమానంతో చూశాడు. కానీ సినిమాకూ గేమ్‌కూ ఒక మౌలికభేదం ఉంది. మొదటి ఆటకు వచ్చిన సినిమా, కొన్ని కత్తిరింపులు, చేర్పులు మినహాయిస్తే, పూర్తయిన సినిమా. గేమ్‌కు ఆ హామీ లేదు. పబ్‌జీ కంప్యూటరు రూపం 2017 మార్చి 23న 'ఎర్లీ యాక్సెస్' పేరుతో, అసంపూర్ణమని ముందే చెప్పి, అమ్మకానికి వచ్చింది. పూర్తి విడుదల అదే సంవత్సరం డిసెంబరులో జరిగింది. ఈ పద్ధతిలో నిజాయితీ ఉంది. లోపం ఎక్కడంటే, పూర్తయిందని చెప్పి అసంపూర్ణమైనదాన్ని అమ్మడంలో ఉంది. 2020 డిసెంబరు 10న విడుదలైన సైబర్‌పంక్ 2077 దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. దోషాల తీవ్రత వలన సోనీ సంస్థ సుమారు వారం రోజులకే దాన్ని తన అంగడి నుండి తొలగించి, కొన్నవారికి డబ్బు వాపసు ఇవ్వవలసి వచ్చింది.

భారతీయ సందర్భంలో ఫౌజీ కథ ఇంకా ఆసక్తికరం. పబ్‌జీ నిషేధం జరిగిన రెండు రోజులకే, 2020 సెప్టెంబరు 4న, నటుడు అక్షయ్ కుమార్ దీన్ని ప్రకటించాడు. పబ్‌జీకి బదులుగా వస్తున్నదని జనం భావించారు. 2021 జనవరి 26న విడుదలైనప్పుడు అందులో నలుగురు కలిసి ఆడే ఏర్పాటే లేదు, గాల్వన్ లోయ నేపథ్యంగా ఒంటరిగా ఆడే కథాభాగం మాత్రమే ఉంది. ప్రకటన నాటి దేశభక్తి విడుదల నాటి నిరాశను ఆపలేదు. మొదటి ఆట చూసివచ్చిన ప్రేక్షకుని వలె ఆటగాడు తీర్పు చెప్పాడు, రేటింగు పడిపోయింది. ఆటగాడి అభిప్రాయానికి ఉన్న స్వతంత్రతకు ఇంతకంటే నిదర్శనం అవసరం లేదు.

విడుదల కాని విడుదలలు కూడా ఉన్నాయి. 2023 సెప్టెంబరు 5న రావలసిన ఫ్రీ ఫైర్ ఇండియా ముందురోజున వాయిదా పడింది.

5. దోషం

'బగ్' పదానికి 1947లో హార్వర్డ్ మార్క్-2 యంత్రంలో దొరికిన చిమ్మట మూలమని తరచుగా చెబుతారు. చిమ్మట దొరికిన మాట నిజమే కాని, యంత్రలోపాలకు ఆ పదాన్ని ఎడిసన్ 1878 నాటికే వాడాడు. తెలుగు ఆటగాడు దీన్ని 'పురుగు' అని అనువదించుకోలేదు. 'బగ్ వచ్చింది', 'హ్యాంగ్ అయింది', 'ల్యాగ్ కొడుతోంది' అన్నాడు. ఈ చివరి ప్రయోగం భాషాపరంగా విలువైనది. 'బోరు కొట్టు', 'వాసన కొట్టు' వంటి వాటిలో వలెనే ఇక్కడ 'కొట్టు' క్రియకు కర్త మనిషి కాదు, మనిషి దెబ్బ తినేవాడు. ఆటగాడు తన నిస్సహాయతను వ్యాకరణంలోనే చెప్పుకున్నాడు.

దోషాలన్నీ ఒక జాతివి కావు. 1980 నాటి ప్యాక్‌మ్యాన్‌లో 256వ అంచెకు చేరగానే సగం తెర చెత్త అక్షరాలతో నిండిపోతుంది. 8 బిట్ల లెక్క 255 వద్ద నిండిపోవడమే అందుకు కారణం. అంత దూరం ఆడినవాడికి అది దోషంగా కాక విజయచిహ్నంగా కనిపించింది. లేని దోషాలు కూడా చరిత్రలోకి ఎక్కాయి. 1991 నాటి సివిలైజేషన్ ఆటలో గాంధీ పాత్ర అణుబాంబులు వేయడానికి ఇలాంటి లెక్క తప్పే కారణమని చాలాకాలం ప్రచారం జరిగింది. దూకుడు విలువ 1 నుండి 2 తీసివేయగా 255 అయిందని ఆ కథనం. ఆట సృష్టికర్త సిడ్ మేయర్ 2020లో ప్రచురించిన ఆత్మకథలో అటువంటి దోషమేదీ లేదని స్పష్టం చేశాడు. చాటువుల కర్తృత్వంపై పరిశోధించేవారికి ఈ కథ కొత్తగా అనిపించదు.

6. ఆన్‌లైన్ ఆట: పింగు, తొండి

2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభం కావడంతో మొబైల్ డేటా సామాన్యునికి అందింది. 2017 డిసెంబరు 27న జాతికి అంకితమైన ఏపీ ఫైబర్‌నెట్, విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు పల్లెలకు ఇంటర్నెట్ చేర్చే పనికి పూనుకుంది. 2018 మార్చిలో పబ్‌జీ మొబైల్ విడుదలైంది. 100 మంది ఒక దీవిలో దిగి చివరిదాకా నిలిచే ఆ ఆటకు కంప్యూటరు అవసరం లేకపోయింది. ఈ మూడూ వెంటవెంటనే జరగడం వలన ఆట కేఫును దాటి పల్లె అరుగు మీదకు వచ్చింది. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్‌లో చదువు పేరుతో ఇంటికి వచ్చిన ఫోను ఈ వ్యాప్తిని పెంచింది.

పల్లెకు నెట్ వచ్చినా దూరం తగ్గలేదు. కాంతి గాజుతీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో పయనిస్తుంది. ప్రొద్దుటూరు నుండి సింగపూరు సుమారు 3,000 కిలోమీటర్లు. అంటే సర్వరు అక్కడ ఉంటే, తీగ సూటిగా ఉన్నా సరే, సంకేతం పోయి రావడానికి 30 మిల్లీసెకన్లు తప్పవు. వంకర దారులు, టవరు రద్దీ కలిస్తే అది ఎన్నో రెట్లవుతుంది. సర్వరుకు దగ్గరగా, మంచి కనెక్షనుతో ఉన్నవాడు ముందు కాల్చినట్లు లెక్క. నైపుణ్యమా అదృష్టమా అని న్యాయస్థానాలు చర్చించిన ప్రశ్నకు ఇక్కడ మూడవ పదం చేరింది, అది నివాసస్థలం.

దీనికి తోడు తొండి. గోలీలు, కచ్చకాయల నాటి నుండి తెలుగు పిల్లలు వాడుతున్న ఈ మాట 'మోసం' కంటే సున్నితమైనది. తొండి చేసినవాడు శత్రువు కాడు, ఆ పూటకు ఆట నుండి తప్పించదగినవాడు. తొండి కంటికి కనబడుతుంది, శిక్ష అక్కడికక్కడే పడుతుంది. గోడల వెనుక మనిషిని చూపే, గురి తప్పకుండా కాల్చే సాఫ్ట్‌వేరుతో ఆడేవాడిని ఈ చట్రంలో బిగించడం కష్టం. అతని ముఖం తెలియదు, ఊరు తెలియదు. 'రిపోర్ట్' మీట నొక్కడం తప్ప చేయగలిగింది లేదు. ఆటగాళ్ళు అతన్ని తొండివాడు అనకుండా 'హ్యాకర్' అనడం కేవలం ఆంగ్లవ్యామోహం కాదు. వెలివేసే అధికారం సమూహం చేతి నుండి పోయిందన్న గ్రహింపు ఆ పదం మార్పులో ఉంది.

7. మూతపడిన పటం

2020 సెప్టెంబరు 2న ఐటీ చట్టం 69ఎ విభాగం కింద నిషేధానికి గురైన 118 యాప్‌లలో పబ్‌జీ మొబైల్ ఒకటి. అక్టోబరు 30న భారతీయులకు సర్వర్లు మూతపడ్డాయి. సంవత్సరాల తరబడి పెంచుకున్న స్థాయిలు, డబ్బు పెట్టి కొన్న దుస్తులు, తుపాకి రంగులు ఆనాటితో అందకుండా పోయాయి. నిషేధం సరియా కాదా అనేది రాజకీయ ప్రశ్న, దానికి గట్టి సమర్థనలే ఉన్నాయి. ఆటగాడి ఫిర్యాదు వేరు. తాను కొన్నది ఎవరి ఇంట్లో ఉందో అతనికి ఆ రోజు తెలిసింది.

2021 జులై 2న బీజీఎంఐ పేరుతో క్రాఫ్టన్ సంస్థ ఆటను మళ్ళీ తెచ్చింది. రక్తం ఆకుపచ్చగా మారింది, మైనర్లకు రోజుకు 3 గంటల పరిమితి వచ్చింది. అంగీకారం తెలిపినవారు పాత ఖాతాను కొత్తదానికి మార్చుకోగలిగారు. 2022 జులై 28న అది కూడా యాప్ అంగళ్ళ నుండి మాయమైంది. 2023 మే చివరలో మూడు నెలల పరిశీలన షరతుతో తిరిగి వచ్చింది. ఈ రాకపోకలలో ఏ ఒక్కదానిలోనూ ఆటగాడిని సంప్రదించిన దాఖలా లేదు.

ఇది భారతీయ సమస్య మాత్రమే కాదు. యుబీసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న 'ది క్రూ' ఆట సర్వర్లు మూసివేయడంతో, డబ్బు పెట్టి కొన్నవారికి కూడా ఆట లేకుండా పోయింది. ఆ నేపథ్యంలో మొదలైన ఉద్యమపు ఐరోపా పౌర వినతికి 2025 నాటికి సంతకాలు 10 లక్షలు దాటాయి. కాలిఫోర్నియా 2024లో ఒక చట్టం చేసింది. డిజిటల్ వస్తువును అమ్మేవారు, కొనుగోలుదారుకు దక్కేది వాడుకునే అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అనే మాట వాడరాదని దాని సారాంశం. మన 2025 చట్టపు దృష్టి డబ్బు ఆటల మీద నిలిచింది, ఈ ప్రశ్న దాని పరిధిలోకి రాలేదు. కేఫులో గంటకు రూపాయలు చెల్లించిన కుర్రవాడికి తాను ఇస్తున్నది బాడుగ అని తెలుసు. ఫోనులో అదే పనికి నొక్కే మీట మీద నేటికీ కొనుగోలు అనే ఉంది.