రహీమ్ సాబ్ జమానా
మన గుంటూరు పిల్లలు ఇంగ్లండు లీగులో ఏ సీజన్ ఎవరు గెలిచారో గడగడా చెబుతారు. మాషా అల్లాహ్! సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఎవరంటే మాత్రం ఖామోష్. మహా అయితే 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ కదా అంటారు.

ఆయన హైదరాబాదీ, పేషాకి స్కూలు ఉస్తాద్. ఆయన తాలీమిచ్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఎవరికీ వదల్లేదు. 1950లో డ్యూరాండ్ కప్పూ వాళ్లదే.

తారీఖులు చూడండి. 1956 నవంబరు 1న మన గుంటూరు, ఆ హైదరాబాదు ఒకే రాష్ట్రమయ్యాయి. సరిగ్గా నెలకి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీమ్ సాబ్ తయారుచేసిన ఇండియా జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీస్ చేరింది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1, బంగారు పతకం. అప్పటికే ఒంట్లో కేన్సర్. తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న, ఇంతెకాల్.